పెద్దసారు వచ్చిన రోజు బ్లాస్టింగు బందు

గోదావరిఖని చౌరస్తాలో చాయ తాగుతుంటే కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు పలకరిస్తారు. నా గురించి వాళ్లకు తెలిసింది ఒక్కటే, ఓపెన్‌కాస్టు గనిలో షాట్‌ఫైరరుగా చేసి రిటైరయ్యానని. అంటే రాతిలో మందు పెట్టి పేల్చేవాణ్ని. "కాకా, ఎప్పుడన్న భయమైందా?" అని అడుగుతారు. పేలకుండా మిగిలిన మందు గురించో, తల మీదికి ఎగిరొచ్చిన బండ గురించో చెబుతానని వాళ్ల ఆశ. అయింది, ఒక్కసారి, అదీ సున్నం వేసిన గోడను చూసి, అంటాను. ముసలోనికి చాయ తలకెక్కిందనుకుంటారు కాబోలు, నవ్వి బండెక్కి పోతారు. వాళ్లకు నిలబడి వినే తీరిక లేదు, నాకు చెప్పకుండా ఉండే ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

మా పని గురించి ఎక్కువ చెప్పను, చెబితే నిద్రపోతారు. డ్రిల్లు మిషను వేసిన రంధ్రాల్లో పొద్దున మందు నింపుతాం, తీగలు కలుపుతాం, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు సైరన్ మోగిస్తాం. చుట్టూ ఒక హద్దు ఉంటుంది, దాన్ని డేంజర్ జోన్ అంటారు. ఆ హద్దు లోపల మనిషి గాని గొడ్డు గాని లేదని నాలుగు దిక్కులా కాపలా ఉన్నవాళ్లు చెప్పాకే మీట నొక్కాలి. మందు నింపిన రంధ్రాలను మర్నాటికి వదలకూడదు. ఏ రోజు నింపింది ఆ రోజే పేల్చెయ్యాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంటే చాలు.

నేను పేల్చే బండ మీద ఒకప్పుడు మా నాయిన దున్నిన చెలక ఉండేది. భూమి పోయినందుకు ఇంటికో ఉద్యోగం అన్నారు, మా ఇంట్లో అది నాకు వచ్చింది. నేను గోదావరిఖనిలో క్వార్టరుకు మారాను. అక్కను మాత్రం అదే ఊళ్లో, పై వాడలో పెళ్లి చేసి ఇచ్చారు. గని పెరిగేకొద్దీ కింది వాడను ఖాళీ చేయించి దూరంగా కొత్త కాలనీలో జాగాలు ఇచ్చారు. పై వాడ దగ్గరికి వచ్చేసరికి డేంజర్ జోన్ గీత ఆగిపోయింది. దాన్ని ఎవరు గీశారో, ఏ చల్లటి గదిలో కూర్చుని గీశారో మాకు తెలియదు. బండ్ల బాటకు అటు ఉన్నవాళ్లు పోయారు, ఇటు ఉన్నవాళ్లు ఉండిపోయారు.

అక్కది గూనపెంకుల ఇల్లు, మట్టి గోడలు, వాకిట్లో వేపచెట్టు. బావ పోయాడు. కొడుకు మంచిర్యాలలో ఒక దుకాణంలో పనికి పోయి వస్తాడు. పగలు ఇంట్లో ఉండేది అక్క, కోడలు, దూలానికి కట్టిన ఉయ్యాలలో చంటి మనవడు.

సైరన్ వినగానే పై వాడలో అందరూ చేసే పని ఒకటుంది. గూటిలో ఉన్న గాజు గ్లాసులు, పటాలు తీసి నేల మీద పెట్టడం, పొయ్యి మీద గిన్నె దించడం, పిల్లల్ని ఎత్తుకుని బాట నడుమకు వచ్చి నిలబడడం. భూమి ఒకసారి కదులుతుంది, పెంకులు గలగలమంటాయి, దుమ్ము వచ్చి పోతుంది. మళ్లీ లోపలికి పోయి అన్నం తింటారు. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఇంటికి వచ్చిన చుట్టానికి కూడా "నీళ్ల చెంబు కింద వెట్టు బావా, కూత వచ్చే యాళ్లయింది" అని చెబుతారు.

ప్రతి బ్లాస్టింగు తర్వాత అక్క నాకు ఫోన్ చేసేది. "ఇయ్యాల ఏందిరా తమ్మీ, పెండ్లాంతోని కొట్లాడి వచ్చినవా? పప్పుడబ్బ సుత కిందవడ్డది." నేనేమో మందు ఎంత పెట్టాలో నా చేతిలో లేదని, పైనుంచి రాసి ఇస్తారని చెప్పేవాణ్ని. "పైన అంటె ఎవలురా? దేవుడా?" అనేది. ఒక రోజు మాత్రం ఎకసెక్కం ఆడలేదు. "ఉయ్యాలల పెంక వడ్డది తమ్మీ. పోరడు నా సంకల ఉండె" అని, నేను మాట్లాడేలోగా ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నాకు చెయ్యి కడుక్కున్నా అన్నం తినబుద్ధి కాలేదు.

ఊరివాళ్లు ఊరికే కూర్చోలేదు. ఏరియా జీఎం ఆఫీసుకు పోయారు, కలెక్టరేటుకు పోయారు, హైదరాబాద్ కూడా పోయారు. ఎక్కడికి పోయినా తిరిగి వచ్చే జవాబు ఒకటే, మీ ఇండ్లు డేంజర్ జోనుకు బయట ఉన్నాయి. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే అయ్యేది. చూడడానికి అధికారులు రాలేదా అంటే, వచ్చారు. అందరూ పొద్దున్నే వచ్చి ఎండ ముదరకముందే పోయారు. బ్లాస్టింగు వేళకు ఊళ్లో ఏ అధికారీ ఉండకూడదని ఎక్కడా రాసి లేదు, అలా జరిగిపోయేదంతే. ఓట్లప్పుడు వచ్చిన నాయకుడు ఒకాయన పగిలిన గోడ మీద చెయ్యి వేసి, "ఇది మీ గోడ కాదు, నా గోడ" అన్నాడు. ఆ తర్వాత తన గోడ ఎట్లుందో చూసుకోవడానికి ఒక్కసారైనా రాలేదు.

ఇక్కడ మా బ్లాస్టింగు ఆఫీసరు గురించి చెప్పాలి. మంథనిలో తరతరాలుగా గుడి సేవ చేసుకుంటున్న ఇంటి నుంచి వచ్చినవాడు. మేము మంథని సారు అనేవాళ్లం. మెత్తటి మనిషి, ఎవరినీ ఒక మాట అనడు. రూల్సు ఆయనకు మంత్రాల్లాగే నోటికి వచ్చు. మధ్యలో ఆపితే అక్కణ్నుంచి అందుకోలేడు, మళ్లీ మొదటికి పోవాలి. మీట నొక్కే ముందు కళ్లు మూసుకుని ఏదో గొణిగేవాడు. "సంకల్పం అయిందా సార్, నొక్కాల్నా?" అని మేము ఆటపట్టిస్తే, "నొక్కవయ్యా, నీకన్నీ ఎగతాళే" అనేవాడు. పై వాడ సంగతి ఎత్తితే మాత్రం ఆకాశం వైపు చూసి, "అది పెద్దవాళ్లు చూసుకుంటారు" అనేవాడు. పెద్దవాళ్లు ఆకాశంలో ఉంటారని ఆయన నమ్మకమేమో.

అట్లాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి కంపెనీ పెద్దసారు వస్తున్నాడని తెలిసింది. తన దగ్గరికి పోయిన ఊరివాళ్లతో ఆయన ఒక మాట అన్నాడట, ఇండ్లు నా కళ్లతో చూసి గీత సంగతి తేలుస్తాను అని. అంటే ఆయన ఏం చూస్తే అదే ఖాయం. పై వాడలో పండుగ వాతావరణం. అక్క గొంతు ఫోన్లోనే వెలిగిపోతోంది. "మా ఇంట్లనే కూసోవెడుతరట తమ్మీ. నడుమ ఇల్లని."

ముందురోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి అటే పోయాను. బండ్ల బాట మలుపు తిరగగానే కాళ్లు ఆగిపోయాయి. వాడ వాడంతా తెల్లగా ఉంది. ప్రతి ఇంటికీ సున్నం, కింద ఎర్రటి జాజు పట్టీ, గడపలకు పసుపు, వాకిళ్లలో ముగ్గులు. మా అక్క చేతిలో సున్నం కుంచె పట్టుకుని, ముక్కు మీద తెల్లటి చుక్కతో నిలబడి, "ఎట్లున్నదిరా?" అంది.

"పగుళ్లేవక్కా?"

"మన్ను వెట్టి పూడ్సిన. నెర్రెలు వాసిన గోడ ముంగట అంత పెద్దసారును కూసోవెడుదునా? నలుగుట్ల మానం వోదా?"

"ఆయన వచ్చేది నెర్రెలు చూసేటందుకేనే."

ఆమె కుంచె వంక చూసింది, గోడ వంక చూసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇన్నేండ్లు నేను పేల్చిన ప్రతి పేలుడూ ఆ గోడల మీద ఉంది. గోడ చూపించడం తప్ప ఆ మనుషులకు వేరే నోరు లేదు. ఆ నోటిని ఒక్క రోజులో, అదీ మర్యాద కోసం, వాళ్లే మెత్తేసుకున్నారు.

"ముందుగాల ఎందుకు చెప్పకపోతివి?" అని అక్క గడప మీద కూలబడింది. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఇల్లు అలకవద్దని చెప్పాలని ఎవరికి తడుతుంది? నాకు తట్టలేదు. కోడలు లోపలి నుంచి, "గీకుదమా అత్తా?" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. గీకినా ఏం లాభం, అప్పుడే గీకిన గోడ గీకినట్టే కనిపిస్తుంది. మనమే పగలగొట్టుకున్నామంటారు.

మర్నాడు పెద్దసారు పొద్దున్నే రావాలి. పెద్దవాళ్లు టయానికి వస్తే వాళ్లను పెద్దవాళ్లని ఎవరంటారు? మేము మా లెక్క ప్రకారం రంధ్రాల్లో మందు నింపేశాం. ఆయన బండ్లు పై వాడలోకి దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. జీఎం ఆఫీసు నుంచి కబురు, "సారు పోయేదాకా బ్లాస్టింగు బందు. సైరన్ కూడా వద్దు." దాంతోపాటే ఇంకో కబురు, నేనూ మంథని సారూ ఊళ్లోకి రావాలని. మంథని సారు రూల్సు చెప్పడానికి, నేను మా అక్క నోటికి అడ్డం పడడానికి. వాడలో గట్టిగా మాట్లాడేది ఆమే అని జీఎంకు కూడా తెలుసు. నింపిన మందు దగ్గర మా జోడీదారును కాపలా పెట్టి పోయాం.

పెద్దసారు చెడ్డమనిషేం కాదు, అది ఒప్పుకోవాలి. మెల్లగా మాట్లాడతాడు. అక్క ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన చాయ మొహమాటం లేకుండా తాగుతున్నాడు. పక్కన జీఎం. పెద్దసారు గోడలన్నీ కలియజూసి, "ఇండ్లు బాగానే ఉంచుకున్నారే" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. జీఎం మొహం విప్పారింది. అక్క ఏదో చెప్పబోయింది గాని, మెచ్చుకున్న మనిషికి ఎదురు చెప్పడం ఆమెకు చాతకాలేదు. వాకిట్లో ఉన్న జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గీత అక్కడే గట్టిపడిపోతోందని నాకు అర్థమైంది. నోరు తెరవాలని ఒకటే ఆత్రం, తెరిస్తే ఉద్యోగం ఏమవుతుందోనని ఒకటే గుబులు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను.

"సారూ, మరేమో," అని అక్క మళ్లీ మొదలుపెట్టింది. మాట మధ్యలోనే ఆగి, వంగి, పెద్దసారు చేతిలో ఉన్న కప్పు తీసుకుని నేల మీద పెట్టింది. ఉయ్యాలలో పిల్లగాణ్ని ఎత్తుకుని బయటికి నడిచింది. కోడలు గూట్లోని పటం దించి గోడకు ఆనించి ఆమె వెనక పోయింది. వాకిట్లో జనం కూడా ఎవరి ఇంటి వైపు వాళ్లు కదిలి, పిల్లలతో, ముసలివాళ్లతో బాట నడుమకు వచ్చి నిలబడ్డారు. సైరన్ లేదు, ఎవరూ చెప్పలేదు. ఆ వేళయింది, మనుషులు కదిలారు. ఇంట్లో మిగిలింది కుర్చీల్లో ఇద్దరు పెద్దలు, మూలకు మేమిద్దరం.

"ఏమైంది? ఎక్కడికి పోతున్నారు?" అన్నాడు పెద్దసారు.

జీఎం నా వంక చూశాడు. చెప్పక తప్పలేదు. "బ్లాస్టింగు టైం సార్. రోజూ ఈ యాళ్లకు ఇండ్లు ఊగుతయని బయటికి వస్తరు."

"మరి ఇవాళ ఏది?"

"మీ ప్రోగ్రాం ఉందని ఆపించాం సార్" అన్నాడు జీఎం.

పెద్దసారు కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించాడు. "నేను వచ్చిందే చూడడానికి కదా. చేయించండి. ఇక్కడే కూర్చుంటాను."

జీఎం తల ఊపబోయాడు. అప్పుడు మంథని సారు నోటి నుంచి, గుడిలో గంట కొట్టగానే మంత్రం వచ్చినట్టు, ఒక్క గుక్కలో వచ్చేసింది. "కుదరదు సార్. పేల్చేటప్పుడు డేంజర్ జోన్ లోపల ఎవరూ ఉండకూడదు. మీరు లోపల ఉన్నారు సార్."

అన్నాక గాని ఆయనకు తాను ఏమన్నాడో తెలియలేదు. పుస్తకంలో ఉన్న రూలు చెప్పాడు, ఆఫీసు గీసిన గీత మరిచిపోయాడు. అంతే. జీఎం చూపుకు మనిషి సగమైపోయాడు. తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డ అక్క ఆ మాట విన్నది. ఆమె గొంతు పెంచలేదు.

"సారూ, మీ కుర్చీ డేంజర్ జోన్ల ఉంటె, ఆ కుర్చీ ఏసిన ఇల్లు ఏడున్నట్టు?"

పెద్దసారు లేచి, గోడ దగ్గరికి పోయి, తడి ఇంకా ఆరని చోట వేలితో తాకి చూశాడు. వేలికి సున్నం అంటింది. రుమాలుతో తుడుచుకుని, "చూద్దాం" అన్నాడు. బండ్లెక్కి పోయారు. అంత మాట విన్నాక కూడా మనిషి నోటికి వచ్చేది చూద్దాం అనేనా?

ఆయన బండ్లు గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల వైపు పోయాయని తెలిశాక, ఇక కానివ్వండి అన్నారు. నింపిన మందు ఆగదు కదా. సైరన్ వేయించి నొక్కాను. అక్క ఫోన్ వెంటనే వచ్చింది. "సున్నమంత రాలింది తమ్మీ. నెర్రెలన్ని బయటవడ్డయి. మీ పెద్దసారు ఇంకో చాయ తాగి పోతె అయిపోవు."

తర్వాత ఏమైందంటే, మర్నాడు మా సైరన్ కూతకు పై వాడ జనం బాట నడుమ ఆగలేదు. నడుస్తూనే ఉన్నారు. ముసలివాళ్లను ఆటోల్లో ఎక్కించి, పిల్లల్ని చంకనేసుకుని, నేరుగా జీఎం ఆఫీసుకు పోయారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే అక్క చెప్పిన జవాబు ఖని అంతా చెప్పుకున్నారు. "కొట్లాటకు రాలె బిడ్డా. డేంజర్ జోన్ల ఉండద్దని మీ సార్లే చెప్పిన్రు. మాకు ఎరుకైన భద్రమైన జాగ ఇదొక్కటే." నినాదాలు లేవు, జెండాలు లేవు. చెట్ల నీడన కూర్చుని, వరండాలో కూలర్ నీళ్లు తాగి, దుమ్ము అణిగాక వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడు కూడా.

వాళ్లను వెళ్లగొడదామంటే, ఎక్కడికని వెళ్లగొట్టాలి? డేంజర్ జోన్ లోపలికి పొమ్మని ఏ అధికారి నోటితో అంటాడు? లేదు, మీ ఊరు జోనుకు బయటే ఉందందామంటే, పెద్దసారును ఆ కుర్చీలోంచి ఎందుకు లేపారని అడుగుతారు. అన్నం వేళకు జీఎం మెట్లు దిగుతుంటే పోర్టికోలో చీర ఉయ్యాల కట్టి ఉండేది, మా అక్క మనవడు అందులో నిద్రపోతుండేవాడు. మొదట పక్క నుంచి తప్పుకుని పోయేవాడు. తర్వాత డ్రైవరును హారన్ కొట్టొద్దనడం మొదలుపెట్టాడు. ఒక రోజు కారెక్కకుండా అరుగు మీద కూర్చుని, "ఏం పేరమ్మా పిల్లగానిది?" అని అడిగాడట. ఇన్నేండ్లలో ఆ ఊరి గురించి ఆ ఆఫీసు అడిగిన మొదటి ప్రశ్న అదే.

నన్ను కూడా పిలిపించారు. "మీ అక్కకు చెప్పుకో" అన్నారు. చెప్పాను. "అడగందె అమ్మైన పెట్టదురా. నువ్వు నీ డ్యూటీ చేస్కో, నేను నా డ్యూటీకి పోత" అంది. మంథని సారును మందమర్రి వైపు బదిలీ చేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు, బదిలీలు మామూలే కదా అన్నారు. పోయే రోజు మా అందరికీ చాయ తాగించి, "నేను తప్పు చెప్పలేదు కదయ్యా?" అని నన్ను చాటుకు పిలిచి అడిగాడు. లేదు సార్, అన్నాను. ఆ మాట కోసమే ఆగినట్టు స్కూటరు తీశాడు.

ఎండలు పోయి వానలు పడ్డాక ఆర్డరు వచ్చింది. పై వాడ మొత్తాన్ని కొత్త కాలనీకి మార్చాలని. పెద్దసారు "చూద్దాం" అన్నది నిజంగా చూశాడో, జీఎం తన పోర్టికో ఖాళీ చేయించుకోవడానికి తంటాలు పడ్డాడో నాకు తెలియదు. ఇద్దరిలో ఎవరైతేనేం. పిల్లలూ, మీరు రేపు ఆఫీసర్లవుతారు, యూనియన్లలో లీడర్లవుతారు. జీఎం ఆఫీసు వాటర్ ట్యాంకు పై వాడ నుంచి కనిపించేది. అంత దగ్గర. అక్కడి నుంచి ఇక్కడికి మాట రావడానికి మాత్రం అన్నేండ్లు పట్టింది, అదీ ఒక మనిషి నోరు జారితే. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అక్క గెలిచిందని ఖనిలో అందరూ నా వీపు తట్టారు. నేనూ పొంగిపోయాను, కొన్నాళ్లు. ఊరు ఖాళీ అయ్యాక గని ఎక్కడికి వస్తుందో షాట్‌ఫైరరుకు వేరే చెప్పాలా? గూనపెంకుల ఇండ్లు కూల్చారు, మట్టి ఎత్తారు, డ్రిల్లు మిషన్లు వచ్చాయి. నా రిటైర్మెంటు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం మందు నింపి, తీగలు కలిపి, లేచి చుట్టూ చూస్తే నిలబడ్డ చోటు ఏదో తెలిసింది. అటు బండ్ల బాట మలుపు, ఇటు కొట్టేయగా మిగిలిన వేప మొద్దు. సైరన్‌కు ఇంకా కొంచెం టైముంది. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్.

"తిన్నవా తమ్మీ?"

"తింటక్కా."

"ఇయ్యాల ఎక్కడ పేలుస్తున్నవు?"

అబద్ధం చెబుదామనుకున్నాను, రాలేదు. "మన వాకిట్లనే అక్కా."

మనవడు ఏదో అడుగుతుంటే ఉష్షుమంది. తర్వాత అంది, "మెల్లగ పేల్చురా."

మెల్లగా పేల్చడమనేది మా పనిలో లేదని ఆమెకూ తెలుసు. సరే అక్కా, అన్నాను.